లాగ

రెండో ఆట వదిలేసరికి
గుణుపురం బస్టాండు మీద సన్నగా తుప్పర.
చైతన్ సాహు టీ బడ్డీ రేకు కింద
పదిమందిమి దూరేం.

"మొదటి సగం మరీ సాగదీసేడ్రా"
అన్నాడు కాంపౌండర్ గురువులు.
"హంతకుడు ఆ బావమరిదేనని
నాకు ఇంటర్వెల్ కాకముందే తెలిసిపోయింది"
బేంకు పట్నాయక్, తెలుగూ ఒడియా కలిపి,
రెండు భాషల్లోనూ తనే గెలిచినట్టు.
నర్సింగు చదివే హారతి ఒప్పుకోలేదు:
"పద్నాలుగేళ్ళు జైల్లో ఉన్నోడికి
గెడ్డం అంత సాపుగా ఎవడు గీసేడు మామా?"
అందరం నవ్వేం. నేనూ నవ్వేను.

తర్వాత, తప్పెవరిదన్న పంచాయితీ.
పోలీసుదని ఒకడు.
డబ్బు తిన్న వకీలుదని ఒకడు.
జడ్జీకి ఆ మాత్రం తెలీదా అని ఆటో దండాసి
బల్ల మీద గుద్దితే
నా గ్లాసులో టీ తొణికి వేళ్ళ మీద పడింది.

ఎవరూ నావైపు చూడలేదు.
చూడ్డానికేముంది, ఆ సినిమాలో నేను లేను.
జడ్జీ, దొంగ, సాక్షి, చచ్చినోడి పెళ్ళాం,
అందులో అందరిదీ ఒకటే భాష.
ఇక్కడ, ఈ ఊళ్ళో కూచుని చూసి కూడా
ఆ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు.

ఇరవయ్యారేళ్ళు ఈ ఊరి కోర్టులో
తెలుగు సాక్ష్యాన్ని ఒడియాలోకి దించినవాణ్ణి.
దించడమంటే
బండి మీంచి బస్తా దించినట్టే.
చిల్లు ఎక్కడుందో
కింద పెట్టేక గానీ తెలీదు.

దాలమ్మ. పకోడీల బండి.
సంత దారిలో, మబ్బు రాత్రి,
కిరసనాయిలు బుడ్డి వెలుగులో
పరిగెడుతున్న మనిషిని చూసింది.
"ఆడిలాగున్నాడు బాబూ" అంది,
బోనులో ఉన్న అరికా సబర వైపు గెడ్డం ఎత్తి.
ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువ.
పేష్కారు గడియారం చూసుకుంటున్నాడు.
కిటికీ అవతల ఎవరో కేరేజీ విప్పేరు,
ఎండుచేపల వాసన.
నేను ఒడియాలో చెప్పేను:
ఇతనే అంటోంది.

లాగ.
రెండక్షరాలు.
ఒడియాలో దానికి మాట లేక కాదు.
పరి. అదీ రెండక్షరాలే.
నా నోటి చివరిదాకా వచ్చి ఆగిందో
అసలు రానేలేదో.

అరికాకి తెలుగు సగం, ఒడియా సగం.
సవరలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.
అర్థమైందా అంటే తలూపేడు.
ఆ తలూపడాన్నీ నేనే అనువదించేను.

సినిమాలో మొదటి సీనులోనే
వాడు చంపలేదని మనకి చూపించేసేరు.
ఇక మిగతా రెండున్నర గంటలూ
మంచివాళ్ళమై కూచోడం ఎంతసేపు!
నాకు ఆ సీను ఎవరూ చూపించలేదు.
అరికా చంపేడో లేదో ఇప్పటికీ తెలీదు.
తెలిసిందల్లా,
దాలమ్మకీ తెలీదని.

పదమూడేళ్ళకి వదిలేరు.
మంగళవారం సంతలో
గోనె పరుచుకుని అనాసపళ్ళు అమ్ముతాడు.
నన్ను గుర్తుపట్టడు,
పట్టనట్టు ఉంటాడేమో.
కొసరుగా ఒక చిన్నపండు సంచిలో వేస్తాడు.
అందరికీ వేస్తాడు, నిలబడి చూసేను,
నాకొక్కడికే అయితే బావుణ్ణని.
ఇంటికి తెచ్చి కోస్తాను. తింటాను కూడా.

"మేస్టారూ, మీరేం చెప్పరేటి?
ఎలాగుంది సినిమా?"
హారతి అడిగింది.
ఎలాగుంది.
"బాగున్నట్టే ఉందమ్మా" అన్నాను.
పట్నాయక్ పకపకా నవ్వేడు:
"ఉందా, ఉన్నట్టుందా? ఒకటి తేల్చండి,
కోర్టులో పనిచేసినోరు!"

సాహు పొయ్యి ఆర్పేసేడు.
ఒక్కొక్కరే లుంగీలు ఎగ్గట్టి
చీకట్లోకి దిగుతున్నారు.
తుప్పర ఆగిందో
ఆగినట్టుందో,
రేకు బయటికి చెయ్యి చాపి
చాలాసేపు చూసేను.